పాత పెట్టెలు, పాడుబడిన పట్టాలు

గత మాసమున మేమొక గ్రామ సహకార సంఘమునకు విత్తనశుద్ధిని గూర్చి చెప్పుటకై పోయి, తిరుగు ప్రయాణమున ఆ యూరి రైలు స్టేషనులో కొంతసేపు వేచియుండవలసి వచ్చినది. ఎదుట తుమ్మచెట్ల నడుమ సైడింగు అనెడి ప్రక్కపట్టాల దారియొకటి కలదు. దానిపై త్రుప్పు పట్టిన పెట్టెలు రెండు నిలిచియున్నవి. మమ్ము సాగనంప వచ్చిన సభ్యులొకరు, "అయ్యా, ఈ పెట్టె నొకదానిని మన సంఘమువారు కొని విత్తనముల కొట్టుగా చేసికొనరాదా? ఊరకే చెడిపోవుచున్నది గదా!" యని యడిగిరి. ఇట్టి ప్రశ్న పలువురకు తోచునదే గనుక మా సమాధానము నిచ్చట వ్రాయుచున్నాము.

ఎడ్లకువలెనే రైలుపెట్టెకును పనిచేయు వయస్సు కలదు. మదరాసులోని పెరంబూరు కర్మాగారమున 1955 మొదలు 2018 వఱకు తయారైన ఉక్కుపెట్టెలకు సుమారు 25 సంవత్సరములు పరిమితి. ప్రయాణికులకు పనికిరానప్పుడు కొన్నిటి బల్లలు ఊడదీసి, కిటికీలు మూసి, మోటారుకార్లను మోయు సరకుబండ్లుగా మార్చుదురు. కొన్ని పట్టాల పనివారికి బసలగును. 2020లో అసన్‌సోల్ స్టేషనున పాతపెట్టెలను భోజనశాలగా చేసిరి. తక్కినవి వేలమునకు పోవును. కొన్నవారు కోసి కొలిమికి పంపగా ఆ యినుమే కడ్డీలై మరల మన యిండ్లకు వచ్చును. కావున నిలిచియున్న పెట్టె దిక్కులేని సొత్తు కాదు. దాని మర యొక్కటి తీసినను 1966 నాటి చట్టము ప్రకారము నేరము.

వేలములో న్యాయముగా కొనినను విత్తనములకది తగదు. ఇనుపపెట్టె పగలు కాగును. రాత్రి చల్లబడినప్పుడు లోని తేమ రేకులపై చెమర్చును. వరివిత్తనమున తేమ నూటికి 13 వంతులు, వేరుసెనగ విత్తనమున 9 వంతులు మించరాదు. అట్టి పెట్టెలోని విత్తనము కంటికి బాగుగనే యుండి, మడిలో మొలవక మోసము చేయును. పాత కొయ్య స్లీపర్ల విషయమునను జాగ్రత్త వలయును. చెదలు పట్టకుండ వానిలో పెక్కింటికి తారువంటి క్రియోసోటు నూనె పట్టించియుందురు. వానిని పొయ్యిలో కాల్చరాదు. పశువుల గాటికి వాడరాదు.

ఇక ఆ సైడింగు ఏల పాడుబడినది? పూర్వము వర్తకుడు ఒక్క వ్యాగను సరకైనను బుక్కు చేయగలిగెడివాడు. ఆ వ్యాగను యార్డుయార్డున ఆగి, విడివడి, తగిలింపబడి, ఎన్నటికో గమ్యము చేరెడిది. 1980 తరువాతి దశకమున రైల్వేవారు ఈ పద్ధతి తగ్గించి, బండి మొత్తము ఒకేచోట నింపి ఒకేచోట దింపు పద్ధతిని హెచ్చించిరి. మూతవ్యాగన్లు నలువదికి పైబడిన బండి సుమారు 2,500 టన్నులు మోయును. అనగా 50 కిలోల బస్తాలు 50,000. అది నిలుచుటకు దాదాపు 700 మీటర్ల పట్టా కావలెను. ఐదారు వ్యాగన్లు పట్టు సైడింగునకు ఇంక పని యేమి? అంతలో లారీ రైతు కళ్లమునకే వచ్చెను.

ఒకసారి పోయిన దారి తిరిగి వచ్చుట యెంత కష్టమో గోదావరి మండలము వారెరుగుదురు. కాకినాడ నుండి కోటిపల్లికి సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గము 1928లో ఏర్పడెను. 1940లో యుద్ధావసరములకై దాని పట్టాలు ఊడదీసి కొనిపోయిరి. మరల రైలు వచ్చుట 2004లో గాని పొసగలేదు. అరువదినాలుగేండ్లలో తాతలు పోయిరి, మనుమలు పెద్దవారైరి. బేరములన్నియు రోడ్డుదారి పట్టెను. పట్టాలు తిరిగి పరచిన తరువాత ఆ దారిన నడచినది ఒక చిన్న రైలుబస్సు. 2020లో మహమ్మారి కాలమున అదియు ఆగెను.

ఆ 2020లోనే వేరొకటి జరిగినది. సెప్టెంబరు 9న అనంతపురము నుండి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు బయలుదేరెను. ఆ యేర్పాటులో ఒక్కొక్క రైతు ఇంత తూకము తేవలెనను నియమము లేదు. పలువురి చిన్నమూటలు కలిసి బండి నిండెను. ఒక్కరికి సాధ్యము కానిది పదిమంది కూడిన సాధ్యమగునని సంఘములలో మనము చెప్పుకొను మాటయే యిది.

కావున ఆ సభ్యునికి మేము చెప్పిన దేమనగా: పెట్టెను కొనవలదు, కొట్టును సున్నపు గోడలతో, ఎత్తైన అరుగుపై కట్టుకొనుడు. సైడింగును గూర్చి అర్జీ పెట్టదలచినచో, ముందు చుట్టుపట్ల సంఘములన్నియు కూడి ఏ నెలలో, ఏ పంట, ఎన్ని టన్నులు, ఏ యూరికి పోవునో లెక్క వ్రాసికొనుడు. లెక్కలేని అర్జీ కాగితముగనే మిగులును. ఊరిలో ఇంకను పనిచేయుచున్న గూడ్సుషెడ్డు ఉన్నయెడల నేడే దానికి సరకు చూపుడు. పట్టాలను త్రుప్పు పట్టనీయనిది వానిపై తిరుగు చక్రమే. చక్రమును తిప్పునది మన బస్తాయే.