నాలుగు గంటల గడువు

వినోదవనం తన అతిథులకు ఇచ్చిన వ్యవధి పాండేసర కార్మికునికి ఎందుకు లభించలేదు?

2020వ సంవత్సరం మార్చి 12వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా నుండి ఒక ప్రకటన వెలువడింది. కరోనా వ్యాధి వ్యాపిస్తున్న కారణంగా ప్రపంచ ప్రసిద్ధమైన డిస్నీల్యాండ్ వినోదవనాన్ని 14వ తేదీ ఉదయం నుండి మూసివేస్తున్నామనీ, దానికి చెందిన హోటళ్ళను మాత్రం 16వ తేదీ వరకు తెరిచి ఉంచుతామనీ దాని సారాంశం. సెలవులు గడపడానికి వచ్చిన అతిథులు తమ తిరుగు ప్రయాణానికి తగిన ఏర్పాట్లు చేసుకొనేందుకే ఆ వ్యవధి అని నిర్వాహకులు వివరించారు.

సరిగ్గా పన్నెండు రోజుల తరువాత, మార్చి 24వ తేదీ రాత్రి 8 గంటలకు, భారతదేశంలో మరొక ప్రకటన వెలువడింది. ఆ అర్ధరాత్రి నుండి దేశం యావత్తూ లాక్‌డౌన్. ఎక్కడివారు అక్కడే ఉండాలి. గడువు నాలుగు గంటలు. ప్రయాణీకుల రైళ్ళు అంతకు రెండు రోజుల ముందే ఆగిపోయాయి.

మహమ్మారి కాలంలో సరిహద్దులు మూయడం అవసరమా, కాదా అన్న చర్చ ఎంతో జరిగింది. కాని తలుపు మూసేముందు లోపల ఎవరున్నారు, వారు ఇంటికి ఎలా చేరతారు అన్న ప్రశ్న మాత్రం అందరి విషయంలో ఒకే తీరుగా అడగబడలేదు. ఆ తేడా ఎంతటిదో తెలుసుకోవాలంటే సూరత్ నగరంలోని పాండేసర వంటి చోటును చూడాలి.

ఒక గది, రెండు షిఫ్టులు

పాండేసర సూరత్‌కు దక్షిణాన ఉన్న పారిశ్రామికవాడ. నగరంలోని లక్షలాది మరమగ్గాల మీద నేసిన కోరా బట్టలో ఎంతో భాగం ఇక్కడి మిల్లులకు చేరి, రంగులద్దుకొని, చీరలై దేశం నలుమూలలకూ వెళుతుంది. తెలుగునాట పెళ్ళిళ్ళలోనూ శుభకార్యాలలోనూ చేతులు మారే పెట్టుబడి చీరలలో సూరత్ సరుకు ఎంత ఉంటుందో ఏ బట్టల దుకాణదారును అడిగినా చెబుతాడు.

ఈ పరిశ్రమను నడిపించే చేతులు మాత్రం ఎక్కువగా పరాయి రాష్ట్రాలవి. ఒడిశాలోని గంజాం జిల్లా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుండి వచ్చినవారు వీరిలో అత్యధికులు. తెలుగువారికీ ఈ నగరంతో సంబంధం కొత్తది కాదు. వరంగల్లు, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు మగ్గాన్ని నమ్ముకొని తరాలుగా సూరత్‌కు తరలిపోయాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నదంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు.

సంపన్నునికి సెలవు అంటే డిస్నీల్యాండ్ కావచ్చు, సింగపూర్ కావచ్చు. సూరత్ కార్మికునికి సెలవు అంటే సొంత ఊరు. బడులకు సెలవులిచ్చే రోజులూ, పెళ్ళి ముహూర్తాలూ కలిసివచ్చే వేసవిలో సూరత్ మీదుగా వరంగల్లు, విజయవాడలకు వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడమే అతని విహారయాత్ర. సంవత్సరమంతా కూడబెట్టుకొన్న డబ్బులో కొంత ఆ ప్రయాణానికే పోతుంది. దానిని దుబారా అని అతడెన్నడూ అనుకోడు.

లాక్‌డౌన్ సరిగ్గా ఆ రోజుల ముంగిట వచ్చిపడింది. మిల్లు ఆగింది. కూలీ ఆగింది. ఒంటరిగా వచ్చిన కార్మికులు నివసించే గదుల ఏర్పాటు ఎటువంటిదో తెలిస్తే అప్పటి ఇబ్బంది బోధపడుతుంది. సూరత్‌లో ఇటువంటి గదులు అనేకం షిఫ్టుల లెక్కన నడుస్తాయి. పగలు పనికి పోయినవారి చాపల మీద రాత్రి పనివారు పడుకొంటారు. రాత్రి వీరు వెళ్ళగానే వారు వస్తారు. పనులు నిలిచిన నాడు రెండు షిఫ్టులవారూ ఒకే గదిలో మిగిలిపోయారు. మనిషికీ మనిషికీ మధ్య దూరం పాటించవలసిందని ప్రభుత్వం హెచ్చరిస్తున్న సమయంలో, కాళ్ళు చాపుకొనేందుకు కూడా చోటు లేని స్థితి వారిది.

మార్చి 29వ తేదీ ఆదివారం రాత్రి పాండేసరలోని గణేశ్‌నగర్, తిరుపతినగర్ ప్రాంతాలలో వందలాది కార్మికులు వీధులలోకి వచ్చారు. తమను స్వస్థలాలకు పంపించమన్నదే వారి కోరిక. పోలీసులు అడ్డగించారు. ఘర్షణ జరిగింది, బాష్పవాయువు ప్రయోగించారు, 93 మందిని అరెస్టు చేశారు. ఇంటికి పోవాలన్న కోరిక ఆ రాత్రి నేరమైపోయింది.

అదే రోజున కేంద్ర ప్రభుత్వం మరొక ఉత్తర్వు జారీ చేసింది. రాష్ట్రాల, జిల్లాల సరిహద్దులను గట్టిగా మూసివేయాలనీ, బయలుదేరినవారిని దారిలోనే నిలిపి 14 రోజులు విడిగా ఉంచాలనీ అందులో ఉంది. యజమానులు పూర్తి వేతనం ఇవ్వాలనీ, ఇంటివారు నెల రోజులపాటు అద్దె అడగరాదనీ కూడా ఉంది. కాని ముఠా మేస్త్రీల ద్వారా వచ్చి, ఏ చిట్టాలోనూ పేరు లేని కూలీకి అసలు యజమాని ఎవరు? మే నెల మధ్యలో ఆ వేతనపు ఉత్తర్వు కూడా ముగిసిపోయింది.

మూసిన ద్వారం, వేచిన బస్సు

ఇక వినోదవనాల సంగతి. 2020 జనవరి 25న షాంఘై, ఆ మరునాడు హాంకాంగ్, ఫిబ్రవరి 29న టోక్యో, మార్చి మధ్యలో కాలిఫోర్నియా, ఫ్లోరిడా, పారిస్ – ప్రపంచంలోని డిస్నీ వినోదవనాలన్నీ వరుసగా మూతపడ్డాయి. అనేక కుటుంబాల సెలవుల ఏర్పాట్లు తలక్రిందులయ్యాయి.

తెరుచుకొన్న తరువాత కూడా వాటికి సరిహద్దులు తప్పలేదు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ 2021 ఏప్రిల్ 30న తిరిగి తెరుచుకొన్నపుడు మొదట ఆ రాష్ట్ర నివాసులకే ప్రవేశం. పొరుగు రాష్ట్రాల అమెరికన్లు సైతం జూన్ 15 వరకు ఆగవలసి వచ్చింది. అదే మే 4 నుండి, భారతదేశం నుండి వచ్చేవారిలో అమెరికా పౌరులు మొదలైన కొందరిని మినహాయించి తక్కినవారి రాకను ఆ దేశం నిషేధించింది. ఆ నిషేధం నవంబరు 8 వరకు సాగింది. డబ్బున్నవారు దీనికీ ఉపాయం కనుగొన్నారు. మధ్యలో ఏదో మూడవ దేశంలో 14 రోజులు గడిపి, అక్కడి నుండి అమెరికాలో అడుగుపెట్టారు. హోటలు ఖర్చు భరించగలిగినవానికి సరిహద్దు పద్నాలుగు రోజుల ఆలస్యం మాత్రమే.

2021 అక్టోబరు 31న షాంఘైలో జరిగిన సంఘటన గమనించదగినది. అంతకు ముందురోజు డిస్నీ వనానికి వచ్చిన ఒక సందర్శకురాలికి వ్యాధి సోకినట్లు తేలింది. వెంటనే ద్వారాలు మూసేశారు. లోపల 34 వేల మందికి దగ్గరగా ఉన్నారు. ఆకాశంలో బాణసంచా వెలుగుతుండగా, క్రింద ఒళ్ళంతా తెల్లని దుస్తులు కప్పుకొన్న వైద్య సిబ్బంది వారిని పరీక్షించారు. పరీక్ష ముగిసినవారిని ఇళ్ళకు చేర్చేందుకు 220 ప్రత్యేక బస్సులను నడిపారు. ఆ కట్టుబాటు కఠినమైనదే, కాదనలేము. అయితే తలుపు మూసినవారు బస్సులను కూడా రప్పించారు.

ఇక్కడ ఒక మాట మరువరాదు. వినోదవనంలో ఈ ఆదరణ అతిథికి దక్కినంతగా కార్మికునికి దక్కలేదు. 2020 ఏప్రిల్ నుండి డిస్నీ వనాలలో పనిచేసే వేలాదిమందికి జీతం లేని సెలవు ఇచ్చారు. ఆ సెప్టెంబరులో 28 వేల ఉద్యోగాల తొలగింపును ప్రకటించారు. టికెట్టు కొన్నవాడు ఒకడు, పని చేసేవాడు ఒకడు. ఏ దేశంలోనైనా మొదటివానికే వ్యవధి దొరికింది.

1994 నాటి భయం

ప్రభుత్వం పక్షాన కూడా చెప్పవలసినది ఉన్నది. ముందుగా గడువు ఇస్తే జనం ఒక్కసారిగా స్టేషన్ల మీద పడతారనీ, వారితోపాటు రోగం గ్రామాలకు చేరుతుందనీ, అక్కడ ఆసుపత్రులు లేవనీ అధికారులు భయపడ్డారు. ఆ భయం నిరాధారమైనది కాదు. అందుకు సూరత్ నగరమే సాక్ష్యం.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వ్యాధి వచ్చిందన్న వార్త పుట్టగానే కొద్ది రోజులలోనే లక్షలాది ప్రజలు నగరాన్ని విడిచిపోయారు. రైళ్ళు, బస్సులు క్రిక్కిరిసిపోయాయి. కొన్ని దేశాలు భారతదేశానికి విమానాలను ఆపివేశాయి. తీరా చూస్తే మరణాలు యాభై చిల్లర. నష్టం మాత్రం కోట్లలో.

ఆ గుణపాఠాన్ని సూరత్ వృథా చేసుకోలేదు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చెత్త తొలగింపు, మురుగు కాలువలు, ఆహారశాలల తనిఖీ వంటి పనులను పట్టుదలతో నడిపించారు. అధికారులు ప్రతిదినం తమ గదులు విడిచి వీధులలో తిరగవలసినదే. మురికికి పేరు మోసిన నగరం కొద్ది కాలంలోనే దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన చేరింది.

1994 నేర్పిన పాఠం కాలువలకు సంబంధించినది. ఆ నాడు పారిపోయిన మనుషుల విషయం అందులో చేరలేదు. అపాయం వచ్చినపుడు వలసవచ్చినవాడు సొంత ఊరివైపే చూస్తాడు, ఎందుకంటే అతని రేషను కార్డు అక్కడ, ఓటు అక్కడ, కష్టకాలంలో అన్నం పెట్టేవారు అక్కడ. ఈ సంగతి తెలిసి కూడా 2020 నాటికి అతని కోసం ఏర్పాటేమీ సిద్ధంగా లేదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979 నుండి అప్పటికి పుస్తకంలో ఉండేది. దాని ప్రకారం కార్మికుల పేర్లు నమోదై ఉన్నట్లయితే, ఏ నగరంలో ఎంతమంది చిక్కుకొన్నారో లెక్క చూసుకొని రైళ్ళు నడిపే వీలుండేది.

వేరావల్ నుండి శ్రీకాకుళం

అది సాధ్యమేనని అదే గుజరాత్‌లో రుజువైంది. శ్రీకాకుళం, విజయనగరం మొదలైన జిల్లాల మత్స్యకారులు ఏటా వేరావల్ రేవుకు పోయి అక్కడి పడవలలో పనిచేస్తారు. లాక్‌డౌన్‌లో నాలుగు వేలమందికి పైగా అక్కడ చిక్కుబడ్డారు. దినాల తరబడి పడవలలోనే కాలం గడిపారు. చివరకు రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు సంప్రదించుకొని, ఏప్రిల్ నెలాఖరున బస్సులలో వారిని ఆంధ్రప్రదేశ్‌కు తరలించాయి. సరిహద్దులు మూసి ఉండగానే ఈ ప్రయాణం జరిగింది. మూసిన సరిహద్దు గుండా కూడా క్రమపద్ధతిలో, పరీక్షలతో, మనుషులను ఇంటికి చేర్చవచ్చునన్న మాట.

ఏప్రిల్ 29న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వు ఆ దారిని దేశమంతటికీ తెరిచింది. వలస కార్మికులు, యాత్రికులు, పర్యాటకులు, విద్యార్థులు – చిక్కుబడిన వీరందరినీ ఒకే వాక్యంలో చేర్చి, స్వస్థలాలకు వెళ్ళనిచ్చింది. లాక్‌డౌన్ మొదలై అప్పటికి ఐదు వారాలు. మే 1న మొదటి శ్రామిక్ రైలు తెలంగాణలోని లింగంపల్లి నుండి జార్ఖండ్‌కు సుమారు 1,200 మందితో బయలుదేరింది. ఆ మరునాడే సూరత్ నుండి ఒడిశాకు రైలు కదిలింది. ఆగస్టు చివరికి 4,600కు పైగా రైళ్ళలో 63 లక్షల మంది స్వస్థలాలకు చేరారు. తొలి రోజులలో చాలామంది ఆ టికెట్లకు కూడా తామే డబ్బు చెల్లించుకొన్నారు. కార్మికుల నుండి ఛార్జీ తీసుకోరాదని సుప్రీంకోర్టు మే 28న ఆదేశించవలసి వచ్చింది.

63 లక్షల మందిని చేర్చగల రైల్వేలు మనకు ముందునుంచీ ఉన్నవే. లోపించినది బండి కాదు, ముందుచూపు.

తరువాతి రోగానికి ముందు

అటు తరువాత కొన్ని పనులు జరిగాయి. ఒకచోటి రేషను కార్డుపై దేశంలో ఎక్కడైనా ధాన్యం పొందే ఏర్పాటును వేగిరం పూర్తి చేయవలసిందని సుప్రీంకోర్టు 2021 జూన్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. 2022 నాటికి అది అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసేందుకు 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ ప్రారంభమైంది. ఇవి మంచి పునాదులే. పేరు ఒక జాబితాలో ఉన్నవానిని మరచిపోవడం కష్టం.

అయితే జాబితా ఉంటే చాలదు. మరొక మహమ్మారి వస్తుందో రాదో, వస్తే దాని పేరేమిటో ఎవరూ చెప్పలేరు. వచ్చిన నాడు మాత్రం సరిహద్దులు మళ్ళీ మూతపడతాయి. ఆ నాడు ఉత్తర్వు వ్రాసే అధికారి ముందు మూడు ప్రశ్నలు ఉండాలి. ఎంత వ్యవధి ఇస్తున్నాము? ఆగిపోయినవానికి అన్నం ఎవరు పెడతారు? పోదలచినవానికి బండి ఎక్కడ? రెండు రోజుల వినోదానికి వచ్చిన అతిథి విషయంలో ఒక వినోదవనం ఈ ఆలోచన చేయగలిగింది. దేశానికి చీరలు కట్టబెడుతున్న పాండేసర కార్మికుని విషయంలో దేశం అంతమాత్రం చేయలేనిది కాదు.