విమాన ప్రయాణంలో చెవి నొప్పి, సైనస్ నొప్పి – జాగ్రత్తలు

గల్ఫ్‌కు మొదటిసారి వచ్చేవారికైనా, సెలవు మీద ఇంటికి వెళ్ళేవారికైనా విమానంలో చెవులు దిబ్బడ వేయడం మామూలే. చాలామందికి కొద్దిసేపట్లో తగ్గిపోతుంది. కాని జలుబుతో (సర్దితో) ప్రయాణం చేసేవారు జాగ్రత్త పడాలి.

ఎందుకు వస్తుంది?

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కి దిగేటప్పుడు చెవులు మూసుకుపోవడం మీకు తెలిసే ఉంటుంది. విమానంలోనూ అంతే. పైకి వెళ్ళాక లోపలి గాలి ఒత్తిడి తగ్గి, ఇంచుమించు ఊటీ అంత ఎత్తులో ఉన్నట్లు ఉంటుంది. దిగేటప్పుడు మళ్ళీ పెరుగుతుంది. చెవి లోపలి నుండి ముక్కు వెనుకకు ఒక సన్నని గొట్టం ఉంది. అది తెరుచుకుంటేనే కర్ణభేరికి రెండు పక్కలా ఒత్తిడి సమానమవుతుంది. జలుబు చేస్తే ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది. సైనస్ దారులు మూసుకుంటే నుదురు, బుగ్గలు, పై పళ్ళు నొప్పి పెడతాయి.

విమానంలో ఏం చేయాలి?

1. దిగడానికి అరగంట ముందు నిద్ర లేవండి. నిద్రలో గుటక తక్కువగా వేస్తాం. లేపమని పక్కవారికి ముందే చెప్పండి.
2. చాక్లెట్ చప్పరించండి, నీళ్ళు గుక్కగుక్కగా తాగండి, ఆవలించండి.
3. ముక్కు, నోరు మూసి మెల్లగా గాలి ఊదండి. గట్టిగా ఊదితే చెవికి ప్రమాదం.
4. చంటిపిల్లలకు దిగేటప్పుడు పాలు పట్టండి.

జలుబు ఎక్కువగా ఉంటే

వీలైతే ప్రయాణం వాయిదా వేసుకోండి. అయితే వీసా గడువు, రీ-ఎంట్రీ గడువు చూసుకుని, కంపెనీకి చెప్పిన తర్వాతే టికెట్ మార్చండి. తప్పనిసరి ప్రయాణమైతే ముందే డాక్టరుకు చూపించుకోండి. ముక్కులో కొట్టుకునే స్ప్రే రాసిస్తే, దిగడానికి సుమారు గంట ముందు వాడండి. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడవద్దు.

ముఖ్య గమనిక: తోటివారు ఇచ్చారని తెలియని మాత్రలు, దగ్గు మందులు తేవద్దు. కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులపై గల్ఫ్ దేశాల్లో కఠినమైన ఆంక్షలున్నాయి. అనుమతి లేకుండా తెస్తే కేసు కావచ్చు, జైలు పడవచ్చు. ఏ మందుకైనా డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి.

దిగిన తర్వాత

చెవిలో కాచిన నూనె పోయవద్దు, పుల్లలు పెట్టవద్దు. చెవి నుండి రక్తం లేదా నీరు కారినా, వినికిడి తగ్గినా, తల తిరిగినా, నొప్పి భరించలేకున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. అకామా (లేదా సివిల్ ఐ.డి.), ఇన్సూరెన్స్ కార్డు తీసుకువెళ్ళండి. కొత్తగా వచ్చి కార్డు ఇంకా అందకపోతే పాస్‌పోర్టు, వీసా కాపీ చూపండి. డ్యూటీలో చేరిన మొదటి రోజే సెలవు అడగడమెలా అని ఊరుకోవద్దు. ముఖ్యంగా తల తిరుగుతున్నప్పుడు నిచ్చెన, పరంజా ఎక్కవద్దు, బండి నడపవద్దు. విషయం సూపర్‌వైజర్‌కు వెంటనే చెప్పండి.