ఓటమి గడిలో సున్నా



ముందుగా రెండు లెక్కలు చెబుతాను, వినండి. ఒకాయన 49 సార్లు బాక్సింగ్ రింగులోకి దిగి 49 సార్లూ గెలిచాడు. ఇంకొకాయన 61 సార్లు దిగి 56 గెలిచాడు, 5 ఓడాడు. ఇద్దరిలో ఎవరు మేటి అని మా బడిలో ఏ పిల్లవాణ్ణి అడిగినా తడుముకోకుండా మొదటాయనే అంటాడు. లెక్క ప్రకారం వాడిది తప్పు కాదు. కాని బాక్సింగ్ తెలిసినవారిలో చాలామంది రెండో ఆయన పేరే ముందు చెబుతారు. మొదటాయన రాకీ మార్సియానో, రెండో ఆయన మహమ్మద్ అలీ. ఇద్దరూ అమెరికావారే, ఇద్దరూ హెవీవెయిట్ ప్రపంచ విజేతలే. మరి లెక్క ఒకటి చెబుతూంటే మనసు ఇంకొకటి ఎందుకు చెబుతుంది?

దీనికి జవాబు కావాలంటే వృత్తి బాక్సింగ్ నడిచే తీరు కొంచెం తెలియాలి. క్రికెట్‌లోనో కబడ్డీలోనో లీగ్ పోటీలు పెడితే ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఆడి తీరాలి. వృత్తి బాక్సింగ్‌లో అలాంటిది లేదు. అది పెళ్లి సంబంధం లాంటిది. రెండు వైపులా ఒప్పుకోవాలి, కట్నకానుకలు కుదరాలి, అప్పుడే పోటీ. ఎవరితో తలపడాలో చాలావరకు మేనేజరూ ప్రమోటరూ కలిసి తేలుస్తారు. షోలాపూర్, కొల్హాపూర్ వైపు కుస్తీ మైదానాలు చూసిన శ్రోతలకు ఇది వింతగా ఉండదు. అక్కడా జోడీ కుదర్చడమే ఒక విద్య.

అందుచేత కొత్త కుర్రవాడికి మొదట్లో తేలికైన ప్రత్యర్థుల్నే చూసి పెడతారు. ధైర్యం రావాలి, పేరు రావాలి, టిక్కెట్లు అమ్ముడుపోవాలి. అలా ఓడిపోవడానికే పిలిపించుకునేవారు కొందరుంటారు. రాత్రికి ఇంత అని పుచ్చుకుని, దెబ్బలు తిని, వారం తిరక్కుండా ఇంకో ఊళ్లో ఇంకో కుర్రవాడి ముందు నిలబడతారు. గెలిచినవాడి పట్టికలో వాళ్లు ఒక అంకె. దెబ్బలు మాత్రం వాళ్ల ఒంటిమీదే ఉంటాయి.

ఇక మార్సియానో దగ్గరికి వద్దాం. ఆయన గెలిచిన పేర్లు చిన్నవి కావు. 1951 అక్టోబరులో జో లూయీని ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. 1937 నుంచి 1949 దాకా కిరీటం ఏలి, 25 సార్లు దాన్ని నిలబెట్టుకున్న లూయీ ఆయన! కాని అప్పటికి లూయీకి 37 ఏళ్లు. ఒకసారి విరమించుకుని, పన్ను బకాయిల ఒత్తిడికి మళ్లీ రింగెక్కిన మనిషి. 1952 సెప్టెంబరులో మార్సియానో కిరీటం గెలుచుకున్నది జెర్సీ జో వాల్కాట్ మీద. ఆయనకు 38. చివరిసారి 1955లో ఓడించిన ఆర్చీ మూర్ వయసు ఎంతో సరిగ్గా తేలనే లేదు, నలభైకి అటో ఇటో. 1954లో రెండుసార్లు ఓడిన ఎజర్డ్ చార్లెస్‌కు అంత వయసు లేదు కాని, ఆయన మంచి రోజులు అంతకుముందే, తక్కువ బరువులో గడిచిపోయాయి. పేర్లు నిజమైనవే, కాలం మాత్రం దాటిపోయింది.

అలాగని మార్సియానోను తీసిపారేయడం నాకు న్యాయంగా తోచదు. తన కాలంలో ఉన్నవాళ్లతోనే కదా ఎవరైనా తలపడేది! వాల్కాట్‌తో పోటీలో పన్నెండు రౌండ్లు అయ్యేసరికి పాయింట్లలో వెనకబడి ఉన్నాడు. పదమూడో రౌండులో ఒకే ఒక్క కుడిచేతి దెబ్బతో ముగించాడు. ఆ దెబ్బను ప్రత్యర్థి వయసు చూపించి కొట్టిపారేయలేం.

అలీ మాటకొస్తే, ఆయన ఓడిన ఐదు పోటీలను ఒక్కొక్కటే విప్పి చూడాలి. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967 నుంచి 1970 దాకా మూడేళ్లకు పైగా ఆయన్ను రింగుకు దూరంగా ఉంచారు. తిరిగి వచ్చాక 1971లో జో ఫ్రేజియర్ చేతిలో ఓడాడు. అప్పటికి ఫ్రేజియర్‌కు ఓటమే లేదు. 1973లో కెన్ నార్టన్ దవడ విరగ్గొట్టి మరీ గెలిచాడు. 1978లో లియాన్ స్పింక్స్. ఈ ముగ్గురినీ అలీ తర్వాత ఓడించాడు. మిగిలిన రెండూ, 1980లో లారీ హోమ్స్, 1981లో ట్రెవర్ బెర్బిక్. అలీకి అప్పుడు 38, 39 ఏళ్లు. 1984లో వైద్యులు ఆయనకు పార్కిన్సన్ లక్షణాలున్నాయని తేల్చారు. లూయీని మార్సియానో ఓడించడం ఎలాంటిదో అలీని హోమ్స్ ఓడించడమూ అలాంటిదే. కొలబద్ద పెడితే ఇద్దరికీ ఒకటే పెట్టాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఫ్రేజియరూ నార్టనూ అలీని ఓడించారు కదా. ఆ ఇద్దరినీ జార్జ్ ఫోర్‌మన్ రెండేసి రౌండ్లలో నేలకూల్చాడు. గణితం పాఠంలాగా చూస్తే ఫోర్‌మన్ ముందు అలీ నిలవకూడదు. పైగా ఫోర్‌మన్‌వి 40 పోటీలు, 40 గెలుపులు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో జరిగిందేమిటి? తాళ్లకు ఆనుకుని, దెబ్బలు కాచుకుంటూ ఫోర్‌మన్‌ను అలిసిపోనిచ్చి, ఎనిమిదో రౌండులో అలీ పడగొట్టాడు. ఒకరి పద్ధతి ఇంకొకరికి మింగుడుపడకపోవచ్చు. కాబట్టి ప్రత్యర్థి బలాన్ని కూడా ఉత్త అంకెగా కొలవడం కుదరదు.

మార్సియానో 49 అంకెను దాటినది ఫ్లాయిడ్ మేవెదర్, 2017లో. ఆయన 50వ ప్రత్యర్థి కానర్ మెక్‌గ్రెగర్‌కు వృత్తి బాక్సింగ్‌లో అదే మొదటి పోటీ! మేవెదర్‌ను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. 2013లో ఆయన ఓడించిన కానెలో ఆల్వరేజ్ ఆ తర్వాత ఎంతవాడయ్యాడో అందరికీ తెలుసు. కాని ఆ పట్టికలో కానెలో గెలుపూ ఒకటే, మెక్‌గ్రెగర్ గెలుపూ ఒకటే.

ఒలింపిక్స్‌లో మాత్రం మేనేజర్ల బేరం సాగదు. ప్రత్యర్థిని డ్రా తేలుస్తుంది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో ఆమెకు సీడింగ్ లేదు. అందువల్ల రెండో పోటీలోనే, అందరికంటే పై సీడ్ అయిన చైనా క్రీడాకారిణి వూ యూ ఎదురైంది. నిఖత్ ఓడింది, కన్నీళ్లు పెట్టుకుంది. రికార్డు పుస్తకంలో అది ప్రీక్వార్టర్ ఫైనల్ ఓటమి, అంతే. ఆ విభాగంలో చివరికి స్వర్ణం అందుకున్నది వూ యూయే.