స్కూటరు ఫ్లైవీలు రెక్కలు

వెస్పా, బజాజ్ చేతక్ వంటి పాత తరం స్కూటర్ల ఇంజనులో ఫ్లైవీలు ముఖభాగాన ఉండే పంకా రెక్కలను ఫ్లైవీలు రెక్కలు అంటారు. ఇవి గాలిని పీల్చి సిలిండరు మీదికి నెట్టి ఇంజనును చల్లబరుస్తాయి. బండి చురుకుగా లాగాలని కొందరు వీటిని అరగదీయడం, కత్తిరించడం చేస్తారు. సిలిండరు చుట్టూ ఉండే పలుచని పలకలు వేరు; అవి కదలవు, వేడిని గాలికి వదులుతాయి.

నేపథ్యం

ఇటలీకి చెందిన పియాజియో సంస్థ 1946లో వెస్పాను విడుదల చేసింది. దాని రూపకర్త కొరాదీనో దస్కానియో విమాన ఇంజనీరు. మోటారు సైకిలు ఇంజనుకు ఎదురుగాలి నేరుగా తగులుతుంది. వెస్పాలో ఇంజను వెనుక చక్రం పక్కన రేకు డొప్ప లోపల ఉన్నందున పంకా తప్పనిసరి అయింది. భారతదేశంలో బజాజ్ సంస్థ 1960లలో ఈ స్కూటరును లైసెన్సుపై తయారు చేసి, 1972లో చేతక్‌ను ప్రవేశపెట్టింది. 1980లలో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ వెస్పా పి.ఎల్.170ని తయారు చేసింది. బజాజ్ స్కూటర్ల తయారీని విరమిస్తున్నట్లు 2009లో ప్రకటించింది.

పనిచేసే విధానం

ఈ చక్రం మూడు పనులు చేస్తుంది: ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచుతుంది, లోపలి అయస్కాంతాలతో విద్యుత్తు పుట్టిస్తుంది, గాలి విసురుతుంది. మెకానిక్కులు దీనిని "మాగ్నెట్" అనడం రెండవ పనిని బట్టే. ఇంజను వేగం రెట్టింపైతే పంకా గాలి సుమారు రెట్టింపవుతుంది, కాని పంకా మింగే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. రెక్కలు కోయాలనే ఆలోచన ఇక్కడే పుట్టింది.

మార్పు వలన లాభనష్టాలు

అంచున ఉన్న బరువుకు జడత్వ భ్రామకం ఎక్కువ కనుక రెక్కలు తగ్గిస్తే ఇంజను త్వరగా వేగం అందుకుంటుంది. ఈ లాభం మొదటి గేరులో తెలుస్తుంది, నాలుగవ గేరులో దాదాపు తెలియదు. చక్రం తేలికైనంత మాత్రాన ఇంజను శక్తి పెరగదు. పైగా ఐడిలింగు నిలకడ తప్పుతుంది, బరువుతో నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను ఆగిపోతుంది. వెనుక మిరప బస్తా వేసుకొని పొలం బాటన పోయే బండికి బరువైన చక్రమే మేలు.

అసలు ప్రమాదం వేడితో. అద్దంకి ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. సిలిండరు 200 డిగ్రీల వద్ద ఉందనుకుంటే, 30 డిగ్రీల గాలితో తేడా 170; 45 డిగ్రీల గాలితో 155 మాత్రమే. అంటే రెక్కలు ముట్టుకోకముందే చల్లబరచే శక్తి సుమారు 9 శాతం తగ్గుతుంది. దీనికి తోడు పత్తి నూగు, నల్లరేగడి దుమ్ము గాలి దారిలో చేరి సిలిండరు పలకల మధ్య పేరుకుంటాయి. అల్యూమినియం పిస్టను పోత ఇనుప సిలిండరు కంటే సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. వేడి హద్దు దాటితే పిస్టను సిలిండరులో బిగుసుకొని వెనుక చక్రం నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఆ క్షణంలో క్లచ్ పట్టుకోవడమే రక్షణ. అద్దంకి–నార్కెట్‌పల్లి వంటి తిన్నని రహదారిపై మధ్యాహ్నవేళ చాలాసేపు పూర్తి వేగంతో నడిపితే ఈ ముప్పు ఎక్కువ.

సమతౌల్యం

ఒక రెక్క విరిగితే చక్రం అదిరి, బేరింగులు అరుగుతాయి. తాత్కాలికంగా ఎదుటి రెక్కను అంతే కోసి తూకం సరిచేసే పద్ధతి ఉంది. అయినా చక్రం మార్చడమే సరైనది. బీటలు వారిన చక్రాన్ని వాడరాదు, వేగంలో పగిలి ముక్కలు ఎగురుతాయి. ఊడదీసేటప్పుడు సుత్తితో కొట్టక పుల్లరు వాడాలి. దెబ్బలకు అయస్కాంత బలం తగ్గుతుంది. పందేలకు బరువు తగ్గించదలచినవారు రెక్కల కొలత చెడకుండా తేలికగా చేసిన చక్రాలను వాడతారు. నిత్యం తిరిగే బండికి, రెక్కలు కోయడం కంటే డొప్ప విప్పి సిలిండరు పలకల మధ్య నూగు తుడవడం ఎక్కువ ఉపయోగకరం.