డకోటా రెండు జన్మలు

విజయవాడకు తూర్పున, కృష్ణా డెల్టా అంచున ఉన్న గన్నవరం విమానాశ్రయం మొదట వెలసింది ప్రయాణికుల కోసం కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనిక స్థావరంగా ఏర్పడి, ఆ తరువాతే అది పౌర విమానయానానికి అందివచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేయడంతో యుద్ధం తీరాంధ్ర గడప తొక్కింది. యుద్ధం కోసం చదునుచేసిన గన్నవరం నేల ప్రజలకు దక్కినట్లే, యుద్ధం కోసం వేలకొద్దీ తయారైన ఒక అమెరికన్ యంత్రం కూడా ఆ తరువాత తెలుగువారి మధ్య సుదీర్ఘకాలం సేవచేసింది. అదే డకోటా.

నిజానికి ఈ యంత్రం పుట్టుక మాత్రం శాంతికాలపుదే. డగ్లస్ కంపెనీ రాత్రి ప్రయాణంలో పడుకొని వెళ్ళేందుకు వీలుగా రూపొందించిన విమానం 1935 డిసెంబరు 17న తొలిసారి గాలిలోకి లేచింది. పడకల స్థానంలో కుర్చీలు అమర్చిన రూపమే డీసీ-3గా ప్రసిద్ధికెక్కింది. యుద్ధం రాగానే అమెరికా సైన్యం దాని నేలను దృఢపరచి, పక్కన పెద్ద సరుకుల తలుపు పెట్టి, సీ-47 అని పేరు మార్చింది. దానికి బ్రిటిష్ వారు పెట్టుకున్న పేరే డకోటా, మన దేశంలో నిలిచిన పేరూ అదే.

దాని గొప్పతనం వేగంలో లేదు. గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో నడిచే ఈ విమానాన్ని యుద్ధవిమానాలు అవలీలగా దాటిపోయేవి. అయితే కొస నుంచి కొసకు సుమారు 29 మీటర్ల పొడవైన రెక్కలు, వాటి వెనుక అంచున కిందికి వాలే ఫ్లాప్‌లు కలిసి, వేగం బాగా తగ్గినా విమానం బరువును గాలి మోయగలిగేట్లు చేసేవి కాబట్టి, పొడవైన సిమెంటు రన్‌వే లేకపోయినా మట్టిని చదునుచేసిన నేల మీద అది దిగగలిగేది. దాని రెండు ఇంజన్లలో ఒక్కొక్కదానికి 14 సిలిండర్లు, రెండు వరుసల్లో, ఇరుసు చుట్టూ చక్రపు ఆకుల్లా అమరి ఉండేవి. ఇటువంటివాటిని రేడియల్ ఇంజన్లు అంటారు. వీటిని చల్లబరిచేది ఎదురుగాలే కనుక, నీటి రేడియేటరుకు తూటా తగిలి ఇంజను వేడెక్కి ఆగిపోయే ప్రమాదం ఉండదు. ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి ఇచ్చే ఆ ఇంజన్లలో ఒకటి ఆగినా, బరువు మితంగా ఉంటే రెండవదానితో విమానం గమ్యం చేరేది. మరమ్మతు సులువు, విడిభాగాలు విరివి. ఏ రైతుకైనా తెలిసినట్లు, మారుమూల చోట యంత్రం విలువను నిర్ణయించేవి ఈ రెండే.

ఈ గుణాల విలువ బర్మా సరిహద్దులో తేలింది. 1944లో జపాన్ సేన ఇంఫాల్‌ను చుట్టుముడుతున్నప్పుడు, బర్మా తీరంలోని అరకాన్‌లో పోరాడుతున్న 5వ భారతీయ డివిజన్‌ను విమానాలలోనే అక్కడికి తరలించారు; రోడ్డుమార్గం తెగిన తరువాత నెలల తరబడి ముట్టడిలో ఉన్నవారికి తిండి, మందుగుండు ఆకాశమార్గాననే అందాయి. తుపాకి లేని విమానం ఒక యుద్ధపు ఫలితాన్ని అంతగా ప్రభావితం చేయడం అరుదు.

యుద్ధం ముగిసేసరికి ప్రపంచంలో పదివేలకు పైగా సీ-47లు తయారై ఉన్నాయి. అవసరం తీరిన విమానాలు చవకగా అమ్ముడుపోవడంతో, కొత్తవి కొనే స్తోమత లేని దేశాలలో విమాన సంస్థలు పుట్టుకొచ్చాయి. బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారం అటువంటి డకోటాలను పౌర అవసరాలకు మలిచింది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ ఈ విమానాలతోనే 1946 జులైలో బేగంపేట కేంద్రంగా రాకపోకలు మొదలుపెట్టింది. 1947లో పైలట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌కు అనేక సంస్థలు, స్త్రీ అన్న కారణంతో, ఉద్యోగం నిరాకరించగా, చోటిచ్చింది హైదరాబాదులోని ఈ సంస్థే. యుద్ధ సామగ్రిగా తయారైన విమానం ఒక భారతీయ స్త్రీ వృత్తి జీవితానికి తలుపు తెరవడం, దాని రెండవ జన్మకు దక్కిన గొప్ప గౌరవం.

1947 అక్టోబరు 27న కాశ్మీర్‌ను కాపాడేందుకు శ్రీనగర్‌కు మన సైనికులను చేర్చినవీ డకోటాలే. 1953లో దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలను జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పరచినప్పుడు, దాని చేతికి వచ్చిన 99 విమానాలలో 74 డకోటాలే; స్వతంత్ర భారత పౌర విమానయానం ఆ పాత రెక్కల మీదే నడక నేర్చుకొన్నదనడం అతిశయోక్తి కాదు. ఇంగ్లండులో పునరుద్ధరించిన ఒక డకోటా, పరశురామ అన్న పేరుతో, 2018లో స్వయంగా ఎగురుకుంటూ వచ్చి భారత వైమానిక దళంలో చేరింది. ఆ రెక్కల నీడలో ఎదిగిన బేగంపేటలోనో, అదే యుద్ధం మిగిల్చిన గన్నవరంలోనో ఒక డకోటాను పిల్లలు తాకి చూసేలా నిలబెట్టడం ఇకనైనా జరగాలి.