నలుగురిలో ముగ్గురు

ఎవరైనా అరెస్టయితే మన పత్రికలు ‘కటకటాల పాలు’, ‘ఊచలు లెక్కిస్తున్నాడు’, ‘శ్రీకృష్ణ జన్మస్థానానికి’ అని రాసేస్తాయి. చదివేవాళ్ల మనసులో ఆ మనిషికి అప్పుడే శిక్ష పడిపోతుంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్నది 5,73,220 మంది. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువే కాలేదు. శీర్షిక పెట్టే ముందు ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే ఎన్ని కుటుంబాల పరువు నిలుస్తుందో!

సినిమా జైల్లో అందరికీ ఒకటే చారల చొక్కా, దాని మీద నంబరు. నిజానికి విచారణ ఖైదీలు సొంత బట్టలే కట్టుకోవచ్చు. ములాఖత్‌కు వచ్చిన ఇంటివాళ్లు సంచిలో పెట్టి తెచ్చిన జతే వాళ్ల ఒంటి మీద ఉంటుంది.

యావజ్జీవం అంటే 14 ఏళ్లన్నది కూడా సినిమాలు నేర్పిన లెక్కే. బతికినంత కాలం అనే అర్థమని గాంధీ హత్య కేసు దోషి గోపాల్ గోడ్సే పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. మిగతా శిక్ష తగ్గించాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం.

కలం పట్టినవాళ్లు లోపలికి తొంగిచూస్తే ఏమవుతుందో కూడా చూశాం. బిహార్ జైళ్లలో విచారణ కోసం ఏళ్ల తరబడి మగ్గుతున్నవారి గురించి 1979లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో కె.ఎఫ్. రుస్తుంజీ రాశారు. తమ మీద మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ కాలం లోపలే గడిపినవాళ్లూ ఉన్నారు. ఆ వ్యాసాలే హుస్సేనారా ఖాతూన్ కేసుకు దారి తీశాయి. సత్వర విచారణ ప్రాథమిక హక్కేనని కోర్టు తేల్చింది, వేల మంది బయటికొచ్చారు.

వంట ఒక కులానికి, పాయఖానాలు కడగడం ఇంకో కులానికి అని కొన్ని జైలు మాన్యువళ్లలో అచ్చులోనే ఉండేది. 2020లో పాత్రికేయురాలు సుకన్య శాంత దాన్ని బయటపెట్టారు, తర్వాత కోర్టుకూ వెళ్లారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనలు కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది.

సినిమాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది శాంతారాం తీసిన ‘దో ఆంఖే బారా హాథ్’ (1957). ఆరుగురు హంతకులను ఒక జైలు అధికారి బయలు భూమికి తీసుకెళ్లి సేద్యం చేయిస్తాడు. ఎన్టీఆర్ ‘మా దైవం’ (1976)ది కూడా ఈ కథే. ఇది ఊహించి రాసింది కాదు, ఔంధ్ సంస్థానంలోని స్వతంత్రపూర్‌లో జరిగిన ప్రయోగమే దీనికి మూలం. ఆ బహిరంగ కారాగారం మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో నేటికీ ఉంది. అక్కడి ఖైదీలు భార్యాపిల్లలతో కలిసి ఉంటూ పొలం పనులు చేసుకుంటారు.