ముందు 108కి, తర్వాత అయ్యగారికి

“అయ్యగారూ, మా ఆయన మూతి ఒక పక్కకు పోయింది, మాట తడబడుతోంది, దయచేసి వచ్చి ప్రార్థన చేయండి.” చాలా ఏళ్ల కిందట, రాత్రి భోజనాల వేళ, గోదావరిఖనిలోని ఒక కార్మిక కాలనీ నుంచి మాకు వచ్చిన ఫోన్ ఇది. వెంటనే వెళ్లాము. క్వార్టరు నిండా జనం. ఆయన కుడిచేయి మంచం పక్కకు వేలాడుతోంది. మోకరించి చాలాసేపు ప్రార్థించాము. బంధువుల్లో ఒకరు పసరు వైద్యుని పేరు చెప్పారు. మరొకరు ఎండదెబ్బ అన్నారు, మే నెల కాబట్టి అందరికీ అదే నిజమనిపించింది. తెల్లవారాక ఆసుపత్రికి తీసుకెళ్లండని చెప్పి వచ్చింది మేమే. చెప్పినవాడు సంఘకాపరి కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఆ రాత్రి పోగొట్టుకున్న గంటల విలువ మాకు తర్వాత గాని తెలియలేదు. తెలిసినదే ఈ వారం రాస్తున్నాము.

భూగర్భ గనిలో ఫ్యాన్ ఆగితే ఏమి చేస్తారో మన ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. బొగ్గు సంగతి తర్వాత, ముందు మనుషులను బయటికి రప్పిస్తారు. బాయిలోకి మంచి గాలి వెళ్లే దారి ఒకటి, వాడిన గాలి తిరిగి వచ్చే దారి ఒకటి. మెదడు బతుకు కూడా ఇలాంటి దారుల మీదనే ఆధారపడి ఉంది. శరీరం బరువులో అది సుమారు 2 శాతమే, కాని మనం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే పోతుంది. పైగా రేపటికని దాచుకునే గది దానికి లేదు. కాలి కండరం రక్తం లేకుండా కొంతసేపు ఓర్చుకుంటుంది. మెదడు కణాలు నిమిషాల్లోనే చనిపోవడం మొదలుపెడతాయి.

మెడ ముందు భాగంలో ఇరుపక్కలా రెండు ధమనులు, వెనుక వెన్నుపూసల గుండా మరో రెండు. ఈ నాలుగు దారుల్లో రక్తం పైకి వెళ్లి మెదడు అడుగున ఒక వలయంగా కలుస్తుంది. థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు 1664లో అచ్చయిన గ్రంథంలో దీన్ని వివరించాడు గనుక విల్లిస్ వలయం అంటారు. (ఆ గ్రంథానికి బొమ్మలు గీసిన క్రిస్టఫర్ రెన్, తర్వాతి కాలంలో లండన్‌లోని సెయింట్ పాల్ కెథెడ్రల్‌కు రూపకల్పన చేసినవాడే.) ఒక దారి మూసుకుంటే ఇంకో దారి నుంచి రక్తం మళ్లడానికి ఈ వలయం వీలు కల్పిస్తుంది. గనికి రెండో దారి తప్పక ఉండాలన్న నియమం లాంటిదే ఇది. అయితే వలయం దాటి మెదడు లోతుల్లోకి వెళ్లే సన్నని కొమ్మలకు రెండో దారి దాదాపు ఉండదు.

నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లి రక్తం కారినా వచ్చేదాన్ని మనం పక్షవాతం అంటాము, పాత మాటలో పక్షవాయువు. జబ్బు చేతిలో, కాలిలో కనిపిస్తుంది, దెబ్బ తగిలింది మాత్రం తలలో. 137వ కీర్తనకారుడు యెరూషలేమును మరచిపోతే తన కుడిచెయ్యి, నాలుక రెండూ పనికిరాకుండా పోవాలని ఒట్టు పెట్టుకున్నాడు. ఈ రెండింటినీ కలిపి చెప్పడం కొందరు వైద్యుల కంట పడింది. ఎందుకంటే ఎడమ మెదడు కుడిచేతిని నడిపిస్తుంది, ఎక్కువమందిలో మాటను కూడా అదే నడిపిస్తుంది. ఆ పక్క పెద్ద నాళం మూసుకుంటే రెండూ ఒకేసారి పోతాయి. ఆ రాత్రి ఆ సహోదరునికి జరిగింది సరిగ్గా అదే.

పెద్ద నాళం మూసుకున్నప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని జెఫ్రీ సేవర్ అనే అమెరికా వైద్యుడు 2006లో లెక్క కట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే సాధారణంగా ఇస్తారు, ఎంత ముందు ఇస్తే అంత మేలు. అయితే అంతకన్నా ముందు స్కాన్ తీయాలి, ఎందుకంటే చిట్లిన నాళం అయితే అదే మందు ప్రాణం తీస్తుంది. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ వేయకూడదు. నీళ్లు, మజ్జిగ కూడా తాగించకూడదు. మింగే శక్తి పోయి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. కరీంనగర్ మనకు 60 కిలోమీటర్ల పైమాటే, హైదరాబాదు 200 దాటి. అంబులెన్సులో ఎక్కగానే స్కాను, ఆ ఇంజెక్షను రెండూ ఉన్న చోటు ఏదో అడిగి బయలుదేరాలి. ఈ నాలుగున్నర గంటల్లో ఒక గంట మా ప్రార్థనకు, రెండు గంటలు బంధువుల చర్చకు పోతే మిగిలేది ఏమిటో లెక్క వేసుకోండి.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. చేయి పడిపోయి పది నిమిషాల్లో తిరిగి వచ్చిందని సంఘంలో సాక్ష్యం చెప్పినవారు మనలో ఉన్నారు. దేవునికి స్తోత్రం చెల్లించండి, కాని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గడ్డ అడ్డుపడి తానే కదిలిపోయినప్పుడు అలా జరుగుతుంది. అసలు పక్షవాతం రాబోతున్నదని అది హెచ్చరిక. మొదటి రెండు రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ.

ఇదంతా ఒక్కసారిగా వచ్చే జబ్బు. చప్పుడు లేకుండా వచ్చేది మరొకటి ఉంది. మెయిన్ రోడ్డులో గాలి బాగానే ఆడుతుంది, బొగ్గు తీసే చోటికి మాత్రం చేరదు. అలాగే ఏళ్ల తరబడి అదుపులేని బీపీ, షుగరు, బీడీ పొగ కలిసి మెదడు లోపలి వెంట్రుకల వంటి నాళాల గోడలను గట్టిపరుస్తాయి. ఇక్కడొకటి అక్కడొకటి చిన్న చిన్న భాగాలు ఎండిపోతాయి. ఏ ఒక్కటీ మనిషిని పడేయదు. కాని నడక చిన్న చిన్న అడుగులవుతుంది, లెక్కలు తప్పుతాయి, ఎన్నడూ కోపం ఎరుగని మనిషి కోడలి మీద అరుస్తాడు. మనం చాదస్తం అంటాము, ఒక్కోసారి దయ్యం అని కూడా అన్నాము.

ఆ నాళాల గోడకు ఇంకో పని ఉంది. బాయి దిగే ముందు అగ్గిపెట్టె, బీడీలు ఉన్నాయేమోనని వెతుకుతారు కదా, మెదడు నాళాల గోడ కూడా అలాగే రక్తంలోని ప్రతి వస్తువునూ లోపలికి పోనివ్వదు. 1885లో పాల్ ఎర్లిక్ అనే జర్మనీ శాస్త్రవేత్త జంతువు రక్తంలోకి రంగు ఎక్కిస్తే అవయవాలన్నీ రంగు పట్టాయి, మెదడు పట్టలేదు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో ఈ కాపలా కూడా సడలుతుందని పరిశోధకులు గమనించారు. మతిమరుపు అంటే కణాల జబ్బే అనుకున్నచోట ఇప్పుడు నాళాలను కూడా చూస్తున్నారు. 2019లో వెలువడిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో పై బీపీని 120 కంటే కిందికి తేవాలని చికిత్స చేసినవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించే తొలి దశ తగ్గింది. ముదిరిన మతిమరుపు విషయంలో మాత్రం తేడా రుజువు కాలేదు.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న తలనొప్పి అంటూ కుర్చీలో కూలిపోయి, మెదడులో రక్తస్రావంతో మరణించాడు. ఆ రోజు ఆయన బీపీ 300/190. అంత పెద్ద దేశాధ్యక్షునికి కూడా అప్పట్లో సరైన బీపీ మాత్ర లేదు. నేడు మన కార్మికునికి కంపెనీ డిస్పెన్సరీలో ఉచితంగా దొరుకుతుంది. దొరికినా, వైద్య పరీక్ష తేదీ దగ్గర పడ్డాక నాలుగు రోజులు వేసుకొని, ఫిట్ అని రాయించుకోగానే ఆపేసేవారిని మేము ఎరుగుదుము. నైట్ షిఫ్టు దిగి వచ్చి తినక, నిద్రపోక, మాత్ర మరచిపోయేవారు ఇంకొందరు.

ప్రార్థన మానమని మేము అనడం లేదు. మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చారు, జనం అడ్డమైతే ఇంటికప్పు విప్పారు. అంబులెన్సులో కూర్చొని కూడా ప్రార్థించవచ్చు. ముఖం ఒక పక్కకు జారినా, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి కిందికి వాలినా, మాట ముద్దగా వచ్చినా ముందు 108కి ఫోన్ చేయండి. లక్షణం మొదలైన సమయం కాగితం మీద రాసి రోగి వెంట పంపండి. తర్వాత మాకు చేయండి.

ఆ సహోదరుడు తర్వాత తొమ్మిదేళ్లు బతికారు. మాట తిరిగి రాలేదు. కాని ఆరాధనలో కీర్తన ఎత్తుకుంటే మాటలతో సహా పాడేవారు. మాట పోయినవారికి పాట మిగలడం వైద్యులు ఎరిగినదే, రాగం విషయంలో కుడి మెదడు కూడా సాయపడుతుంది. అప్పట్లో సంఘంలో కొందరు దాన్ని నటన అన్నారు.

మా స్త్రీల సమాజం వారు చందాలు వేసుకొని బీపీ మిషను కొన్నారు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధనకు ముందు వసారాలో కూర్చొని చూస్తారు. క్రితం నెల ముగ్గురికి పై అంకె 180 దాటింది. వారిలో ఒకరు నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చినవారు, తల బరువుగా ఉందన్నారు. పాటలు అయ్యేదాకా ఉంటానన్నారు గాని, ఒక పెద్ద ఆయనను ఆటో ఎక్కించి ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లారు.